నది మీద నడిచిన కాలువ

వైనతేయకి సప్త గోదావరుల్లో చోటు లేదు. తుల్యభాగ, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధ గౌతమి, కౌశిక, వశిష్ఠ అని ఏడుగురు ఋషులు ఏడు పాయల్ని సముద్రం దాకా నడిపించుకుపోయారని చెప్పే కథలో దీని పేరు వినిపించదు. వశిష్ఠుడి పాయలోంచి కొన్ని నీళ్ళు దొంగిలించి తన దారిన మళ్ళించుకున్న మరో ఋషి పేరు మీద ఇది వచ్చిందని ఇంకో ఐతిహ్యం. పాత గోదావరి జిల్లా గెజిటీర్‌లో కూడా ఈ దొంగతనం కేసు నమోదై ఉంది. లంకల గన్నవరం ఎగువన వశిష్ఠ నుంచి చీలి, ఓడలరేవు దగ్గర సముద్రంలో కలిసే ఈ ఎనిమిదో పాయ మీదే, మన డెల్టాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కట్టడం ఉంది. పి. గన్నవరం అక్విడెక్టు.

గోదావరి జిల్లాల్లో పాతవాటిని చూడబోయేవాళ్ళు ద్రాక్షారామం వెళ్తారు, సామర్లకోట భీమేశ్వరాలయం చూస్తారు, ఓపికున్నవాళ్ళు బిక్కవోలు పొలాల్లో చాళుక్యుల గుళ్ళు వెతుక్కుంటారు. వెళ్ళాల్సిందే. కానీ అక్విడెక్టును ‘చూడ్డానికి’ పి. గన్నవరం వచ్చినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. దాని పక్కనుంచి పోయేవాళ్ళే అందరూ. గోపురంలా తలెత్తి చూడాల్సిన ఎత్తు దానికి లేదు. బొమ్మల్లేవు, లతల్లేవు, ద్వారపాలకుల్లేరు. ఒకే కమాను, పక్కన మళ్ళీ అదే కమాను, ఆ పక్కన మళ్ళీ అదే. అలా నలభై తొమ్మిది.

ముందు దాని అవసరం ఏమిటో చెప్పాలి. ఒకవైపు వశిష్ఠ, ఇంకోవైపు వైనతేయ, మూడోవైపు సముద్రం. ఈ మూడింటి మధ్య చిక్కుకున్న నేల రాజోలు సీమ. మామిడికుదురు, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, కొసన అంతర్వేది. ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో దీన్ని నగరం ద్వీపం అన్నారు. చుట్టూ నీళ్ళే. కానీ వేసవిలో ఏరు సన్నబడగానే పోటు పైకి ఎగదన్ని పాయలు ఉప్పనవుతాయి. ఏటి ఒడ్డున కూర్చుని వాన కోసం ఆకాశం వంక చూసిన ఊళ్ళు ఇవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టాకు తలుపులు తెరుచుకున్నాక, లొల్ల లాకుల దగ్గర విడిపోయి గన్నవరం కాలువ ఇక్కడిదాకా వచ్చింది. ఎదురుగా ఏరు. అవతల దాహం. కాలువని ఏట్లో కలిపేస్తే తీపి నీళ్ళు సముద్రం పాలు. ఏటి అడుగున తూము తవ్వి దాటించాలంటే ఇసుకలో అంత పొడవు తూము ఎక్కడ నిలబడుతుంది? మిగిలింది ఒక్కటే దారి: కాలువ నది మీద నడవాలి.

అదే ఏడాది, 1852లోనే, నడిచింది కూడా.

ఇప్పుడు కొలతలు. ఒక్కో కమాను వెడల్పు 40 అడుగులు. మొత్తం 49 కమానులు. రెండు దరుల మధ్య పొడవు 2,248 అడుగులు. ఈ మూడు అంకెలూ పాత ఇంజనీరింగ్ పుస్తకాల్లో దొరుకుతాయి. నాలుగోదాన్ని మనమే రాబట్టుకోవచ్చు, అందులో ఓ సరదా ఉంది. నలభై తొమ్మిది నలభైలు 1,960. దాన్ని 2,248లోంచి తీసేస్తే మిగిలేది 288. నలభై తొమ్మిది కమానుల మధ్య ఉండే స్తంభాలు నలభై ఎనిమిది. 288ని 48తో భాగిస్తే సరిగ్గా ఆరు, అంగుళం అటూ ఇటూ లేకుండా. అంటే ఒక్కో స్తంభం మందం ఆరడుగులు. మన ఇళ్ళ అరుగు అంత. ఆ అరుగు మీద, కుడి ఎడమల నలభయ్యేసి అడుగుల ఖాళీని దాటి వచ్చే బరువంతా ఆనాలి.

ఆ ఆరడుగులు చూస్తే కడుపులో కొంచెం తిప్పుతుంది, కమానుల స్వభావం తెలిసినవాళ్ళకి. కమాను కిందికి మాత్రమే బరువు మోపదు, పక్కకి కూడా తోస్తుంది. అర్ధచంద్రాకారంలో నిండుగా వంచితే తోపు తక్కువ. కానీ నలభై అడుగుల వెడల్పుకి నిండు అర్ధచంద్రం కట్టాలంటే పాదం నుంచి ఇరవై అడుగులు పైకి లేవాలి. ఆ పైన కాలువ అడుగు, ఆ పైన నీళ్ళు. అంత ఎత్తుకి కాలువ ఎక్కలేదు, ఎందుకో తర్వాత చెబుతాను. అందుకని వంపుని చదును చేసుకోవాల్సిందే. చదునయ్యేకొద్దీ పక్క తోపు పెరుగుతుంది. ఆరడుగుల స్తంభం ఒంటరిగా ఆ తోపుని ఆపలేదు. ఆపక్కర్లేకుండా చేయడంలోనే ఉంది పనితనమంతా. ఇటునుంచి ఈ కమాను ఎంత తోస్తుందో అటునుంచి ఆ కమాను అంతే తోస్తుంది. రెండు తోపులూ స్తంభం నడినెత్తిన ఎదురుపడి ఒకదాన్నొకటి నిలబెడతాయి. స్తంభానికి మిగిలేది నిట్టనిలువు బరువే.

ఇది అర్థం కావడానికి ఇంజనీరింగు చదవక్కర్లేదు. ఇక్కడికి దగ్గర్లోనే ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోట ఉంది. కనుమ నాడు గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవలో దిగి రావడం చూసినవాళ్ళకి తెలుసు. పీకల్లోతు నీళ్ళలో భుజాలు భుజాలు ఒరుసుకుని మోస్తారు. ఏ ఒక్కడి బలమూ ఆ ప్రభని నిలబెట్టదు. పక్కవాడు నెడుతున్నాడు గనుక వీడు పడడు, వీడు నెడుతున్నాడు గనుక పక్కవాడు పడడు. అక్విడెక్టు అదే, నూట డెబ్భై ఏళ్ళకు పైగా భుజం దించని ప్రభ.

అయితే కట్టేటప్పుడు? నలభై తొమ్మిదీ ఒక్కసారి లేవవు కదా. కమాను కట్టడానికి కింద కర్ర దూలాలు, పలకలు పేర్చి వంపు అచ్చు నిలబెట్టాలి. మేస్త్రీలు ఇప్పుడు సెంట్రింగ్ అంటున్నది దీన్నే. అచ్చు మీద రెండు వైపుల నుంచి ఒక్కో వరసా పేర్చుకుంటూ వచ్చి నడినెత్తిన చివరి వరస బిగించేదాకా కమాను కమాను కాదు, కర్రల మీద పెట్టిన బరువు మాత్రమే. బిగించాక అచ్చు దించొచ్చు. కానీ పక్క కమాను ఇంకా లేవకుండా దీని అచ్చు దించేస్తే, ఎదురు తోపు లేని ఆరడుగుల స్తంభం పక్కకి ఒరుగుతుంది. అందుకని ఎన్ని అచ్చులు ఒకేసారి నిలబెట్టాలి, ఏది ముందు దించాలి, దించింది ఎక్కడికి మోసుకుపోవాలి అన్న వరస తప్పకూడదు. అన్ని కమానులూ ఒకే కొలత ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. ఒక అచ్చు పదో కమానుకీ పనికొస్తుంది, ముప్పయ్యో కమానుకీ పనికొస్తుంది. చూసేవాడికి విసుగు పుట్టించే ఆ ఒకే రకం పోలిక, కట్టేవాడికి కలప పొదుపు, రోజుల పొదుపు.

రోజులే అసలు సమస్య. గోదావరిలో పని చేసేవాడికి ఏడాదికి పన్నెండు నెలలుండవు. కార్తీకం దాటాక ఏరు దిగుతుంది, జూన్ జూలైల్లో ఎర్రనీళ్ళు వచ్చేస్తాయి. ఆ మధ్య దొరికినదే పనికాలం. ఏట్లో సగం లేచిన స్తంభాన్ని వరదకి వదిలేస్తే మళ్ళీ వచ్చేసరికి అది అక్కడ ఉండదు. ఇంత పొడవు కట్టడాన్ని ఒక్క పనికాలంలో లేపారని ఆనకట్ట చరిత్ర రాసినవాళ్ళు మెచ్చుకున్నారు. మెచ్చుకోవడంలో నేను ఇంకాస్త ముందుకెళ్తాను. ఇటుకలు కాల్చడం, సున్నం కాల్చడం, రాయి పడవల మీద దింపడం, కర్ర కోయడం, వందలమందికి కూలీ పంచడం — ఇవన్నీ ఇసుకలో ఒకే గజంబద్ద మీద నడిపించినవాళ్ళ బుర్ర కూడా ఆ కట్టడంలో భాగమే.

డెల్టాలో రాయి పుట్టదు. ధవళేశ్వరం కొండ నుంచి రావాలి. సున్నం సంగతి వేరు, దాన్ని ఇక్కడి చేతులు శతాబ్దాలుగా ఎరుగును. కాల్చిన సున్నాన్ని తడిపి, ఇసుక కలిపి, గుండ్రటి గాడిలో రాతి చక్రం కింద ఎద్దులతో గంటల తరబడి తిప్పిస్తే వచ్చేది గానుగ సున్నం. తెలుగునాట పాత మేస్త్రీలు అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసేవారు. సిమెంటు గంటల్లో బిగుస్తుంది, బిగిశాక కదిలిస్తే పగులుతుంది. సున్నం నెలలు తీసుకుంటుంది, ఆ నెలల్లో కట్టడం కాస్త కుంగినా, ఎండకి సాగినా, తనూ సర్దుకుంటుంది. సన్నటి బీట పడితే, తడి తగిలి లోపలి సున్నం కొంత కరిగి ఆ బీటలోనే మళ్ళీ గడ్డకడుతుంది. ఇసుక మీద కూర్చున్న కట్టడానికి ఇంతకన్నా తగిన పదార్థం లేదు. నేల కదలకుండా ఉంటుందని హామీ లేనిచోట, కదిలినా విరగనిదాన్ని ఎంచుకోవాలి.

ఇసుక అన్నాను. గోదావరి అడుగున ఎంత లోతు తవ్వినా రాయి తగలదు, తగిలేదాకా తవ్వే స్తోమత ఎవరికీ లేదు. మరి పునాది? ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దీని జవాబు ఇంగ్లండు నుంచి తేలేదు. తంజావూరు సీమలో కావేరి మీద చోళుల కాలపు కల్లణైని చూసి నేర్చుకున్నాడు. అడుగు తెలియని వదులు ఇసుకలో పునాదిని ఎలా నిలపాలో ఆ పాత దేశీయ ఇంజనీర్ల దగ్గరే నేర్చుకున్నామని తనే రాశాడు. ధవళేశ్వరంలో ఇసుకలోకి వరసగా నూతులు దించి, వాటిమీద గోడ లేపి, దాని ముందూ వెనకా లెక్కలేనంత రాయి గుమ్మరించాడు. నుయ్యి దించడమంటే మన ఊళ్ళలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒర మీద ఒర పెట్టుకుంటూ, లోపల ఇసుక తోడుకుంటూ పోతే, ఒర తన బరువుకి తనే దిగుతుంది. తాగునీటికి వాడే విద్యనే నదిని ఆపడానికి వాడారు. ఆ ఆనకట్ట నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. ఇప్పుడు వాటి స్థానంలో 175 గేట్ల బ్యారేజీ ఉంది. పాత ఆనకట్ట పని అది తీసుకుంది. గన్నవరంలో మాత్రం పాతది ఇంకా కళ్ళ ముందు ఉంది, అందుకే నేను ఇక్కడికొస్తాను.

ఎత్తు సంగతి చెబుతానన్నాను. డెల్టా నేల సముద్రం వైపు మైలుకి అడుగు, కాస్త అటూ ఇటూగా వాలుతుంది. బొబ్బర్లంక దగ్గర కాలువకి దొరికిన ఎత్తే దాని మొత్తం ఆస్తి. దారిలో ప్రతి మైలుకీ అంగుళాల లెక్కన ఖర్చుపెట్టుకుంటూ రావాలి. గన్నవరం చేరేసరికి జేబులో ఎంత మిగిలితే అంత ఎత్తులోనే ఏరు దాటాలి. రెండడుగులు పైకి కడితే నీరు ఎక్కదు. రెండడుగులు కిందికి కడితే వరద నీరు కమానుల్లో పట్టదు, అవతలి ఒడ్డున పొలాలకి పారదు. రసమట్టం పెట్టుకుని మైళ్ళ తరబడి కాలినడకన కొలుచుకుంటూ వచ్చిన ఆ అంగుళాలు ఎక్కడా కనబడవు. అవి తప్పలేదని మాత్రం తెలుసు, ఎందుకంటే నీరు అవతలికి పారింది. నీటికి మొహమాటం ఉండదు.

ఇంకో సూక్ష్మం. వంతెన మీద బండి వెళ్తుంటే బరువు ఒకచోట నుంచి ఇంకోచోటికి కదులుతుంది. కమానుకి గిట్టనిది అదే, ఒకవైపే పడే బరువు. కాలువ నీరు అలా కాదు. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే మట్టంలో పరుచుకుంటుంది, ప్రతి కమాను మీదా ఒకే బరువు. తక్కువేం కాదు. పదడుగుల వెడల్పులో ఒక్క అడుగు లోతు నీరు ఒక్కో కమాను మీద పదకొండు టన్నులకి పైమాటే. కానీ సమంగా ఉన్న పదకొండు టన్నుల్ని కమాను హాయిగా మోస్తుంది. పైగా వరద రోజుల్లో ఆ బరువే చుట్టమయ్యేది. కింద ఏరు పొంగి కమానుల్ని ముంచి పైకి ఎత్తబోతుంటే, సార్వా నీటితో నిండిన కాలువ పైనుంచి అదిమి పట్టుకునేది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. కోనసీమలో ఆ వరద గుర్తులు గోడల మీద చూపించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ నీటిలో వైనతేయ వాటా ఈ ఆరడుగుల స్తంభాల మధ్యనుంచే పోయింది.

ప్రపంచంలో దీని తోటివాళ్ళని చూస్తే దీని నిరాడంబరత ఇంకా తెలుస్తుంది. వేల్స్‌లో 1805లో టెల్ఫోర్డ్ కట్టిన పాంట్‌కసుల్తె, ఇనప తొట్టిలో పడవల్ని నూట ఇరవై ఆరడుగుల ఎత్తున తీసుకుపోతుంది. యునెస్కో దాన్ని వారసత్వ కట్టడం చేసింది. పొడవు 1,007 అడుగులు, మన గన్నవరంలో సగం కూడా లేదు. మన దేశంలోనే రూర్కీ దగ్గర సోలానీ అక్విడెక్టు ఉంది, గంగ కాలువని మోసేది. యాభై అడుగుల కమానులు పదిహేను. 1854లో కాలువ తెరిచినప్పుడు పెద్ద వేడుక, చివర్లలో రాతి సింహాలు కూర్చోబెట్టారు. గన్నవరానికి సింహాలు పెట్టాలని ఎవరికీ తోచలేదు. కాటన్‌కి డబ్బు విషయంలో చెయ్యి గట్టి, మద్రాసు ప్రభుత్వానికి ఇంకా గట్టి. సింహాల్లేకపోవడమే నాకు బాగుంది.

కట్టించినవాడు కాటన్ అని ఊరంతా అంటుంది. పథకం ఆయనదే. ఏట్లో నిలబడి కట్టించింది మాత్రం మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ హేగ్ అనే కుర్రవాడు. తర్వాత ఆయన ఎగువ గోదావరిలో దుమ్ముగూడెం పనులు చూశాడు, అక్కడి కోయల మధ్య క్రైస్తవ మిషన్‌కి ఆద్యుడయ్యాడు. డెల్టాలో ఆయన పేరు తెలిసినవాళ్ళు అరుదు. ఆనకట్ట పనిలో కాటన్‌కి కుడి భుజంగా నిలిచిన వీణెం వీరన్న పరిస్థితి కాస్త మెరుగు. వేలమంది కూలీల్ని సమకూర్చి నిలబెట్టినందుకు ఆయనకి మేర్లపాలెం గ్రామం ఇచ్చారు, ధవళేశ్వరంలో జ్ఞాపక ఫలకం ఉంది. ఆ తర్వాతి వరసలో కూలీలు, వాళ్ళకి పేర్లు లేవు. నందన కరువు 1832–33లో వచ్చింది. 1852లో ఇక్కడ తట్టలు మోసిన ముప్పై దాటిన ప్రతివాళ్ళూ ఆ కరువు చూసినవాళ్ళే. కాటన్ని గోదావరి రేవుల్లో బ్రాహ్మలు స్నాన సంకల్పంలో తలుచుకుంటారు, టోపీ పెట్టుకుని గుర్రమెక్కిన ఆయన విగ్రహం లేని ఊరు డెల్టాలో తక్కువ. గజంబద్ద పట్టుకున్న మేస్త్రి విగ్రహం నేను ఒక్కటీ చూడలేదు.

గన్నవరంలో మాత్రం ఇంకో మనిషిని తలుచుకునే ఏర్పాటు ఉంది. పాతదాని పక్కన కొత్త అక్విడెక్టు కట్టినప్పుడు దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. నీళ్ళు మోసే పని ఇప్పుడు కొత్తదానిదే. సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. పాత అక్విడెక్టు మీద మొదటిసారి నీరు పారేనాటికి ఆవిడకి పదీ పదకొండేళ్ళు. డొక్కా జోగన్నగారి ఇల్లాలిగా లంకల గన్నవరం వచ్చి, ఏరు దాటే బాటసారికి, అంతర్వేది తీర్థానికి పోయేవాడికి, కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం పెట్టారు. 1909లో పోయేదాకా పెట్టారు. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేక సంబరాల్లో ఆవిడ ఫొటో పెట్టుకుంటామని దొరలు అడిగారనీ, నాకెందుకు నాయనా అంటే, ఇవ్వకపోతే నా ఉద్యోగం పోతుందమ్మా అని అధికారి బతిమాలితే ఒప్పుకున్నారనీ ఇక్కడ చెప్పుకుంటారు. రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆవిడ పేరే పెట్టారు. అక్విడెక్టుకి ఇంజనీరు పేరో మంత్రి పేరో పెట్టే రోజుల్లో అన్నం పెట్టినావిడ పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్ళకి దణ్ణం. కాలువ చివర ఏముంటుందో తెలిసినవాళ్ళు.

కొత్తది కాంక్రీటు. దాని పని అది చేస్తోంది, నాకేం ఫిర్యాదు లేదు. పాతదాని కీళ్ళలో మాత్రం రావి మొక్కలు మొలుస్తాయి. పిట్ట రెట్టలోంచి ఒక గింజ పడుతుంది, సున్నపు కీలులో చిటికెడు తడి చాలు. వేరు పెన్సిలంత ఉన్నప్పుడు చేత్తో పీకేయొచ్చు, చెయ్యంత అయ్యాక అది రాళ్ళని విడదీస్తుంది. మూడు వరదల కన్నా ముప్పై రావి మొక్కలు పాత కట్టడానికి ఎక్కువ చేటు. పీకడానికి ఓ మనిషి, ఓ నిచ్చెన, ఏడాదికి రెండు రోజులు చాలు.

పోయిన వేసవిలో ఏరు దిగి ఇసుక తేలినప్పుడు కిందికి దిగి, ఓ చివర నుంచి వేలు చూపిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకసారి నలభై ఏడు వచ్చాయి, ఇంకోసారి నలభై ఎనిమిది. ఒడ్డుకి ఒరిగిన కొబ్బరి మట్టలు అడ్డం, సాయంత్రం ఎండ కళ్ళలోకి. వల విదిలించుకుంటున్న పెద్దాయన చాలాసేపు చూసి అడిగాడు.

“ఏంటండీ బాబూ, లెక్కెడతన్నారు?”

“కమానులండీ.”

“నలభై తొమ్మిదండి. ఇంకోసారి లెక్కెట్టినా అంతేనండి,” అని వల భుజానేసుకుని, వాటిల్లో ఒకదాని కిందనుంచి అవతలికి నడిచిపోయాడు.